మూసీ గట్టున గోవిందరాజు పేరు

దిల్‌సుఖ్‌నగర్‌లో గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలకు నేను తెలంగాణ చరిత్ర చెబుతాను. విష్ణుకుండినుల పాఠం వచ్చిన రోజు బోర్డు మీద రాజుల పేర్లు రాయను, వంశవృక్షం గీయను. ముందుగా ‘చైతన్యపురి’ అని రాస్తాను. వెనక బెంచీల వాళ్లు కూడా తలెత్తి చూస్తారు. వాళ్లలో చాలామంది హాస్టళ్లు అక్కడే. పొద్దున టిఫిన్ తినేదీ, నోట్సు జిరాక్స్ తీయించుకునేదీ, మెట్రో ఎక్కేదీ అక్కడే. రోజూ నడిచే ఆ గల్లీలకీ పదిహేను వందల ఏళ్ల కిందటి ఒక రాజుకీ సంబంధం ఉందని వాళ్లకు అంతవరకు ఎవరూ చెప్పి ఉండరు.

హైదరాబాద్ కథ ఎవరు చెప్పినా 1591తో మొదలుపెడతారు. చార్మినార్ లేచిన సంవత్సరం కాబట్టి అది న్యాయమే. మా తూర్పు పక్కకు వస్తే సరూర్‌నగర్ చెరువు 1626 నాటిది, హయత్‌నగర్ పేరు హయాత్ బక్షీ బేగం గారిది. అంతకు ముందు ఇక్కడ గుండ్లూ తుప్పలూ తప్ప ఏమీ లేవని అందరి నమ్మకం. మూసీ గట్టు మీది ఒక బండరాయి ఆ లెక్కను వెయ్యేళ్లకు పైగా వెనక్కి జరుపుతుంది.

చైతన్యపురి మెట్రో స్టేషన్‌లో దిగి, విజయవాడ రోడ్డు వదిలి, ఇళ్ల మధ్య నుంచి మూసీ వైపు పోతే ఫణిగిరి కాలనీ వస్తుంది. అక్కడ గుండ్ల నడుమ కోసగుండ్ల నరసింహస్వామి గుడి ఉంది. ఫణిగిరి లక్ష్మీనరసింహస్వామి అని కూడా పిలుస్తారు. శనివారాల్లో జనం బాగానే ఉంటారు. ఆ గుండ్లలో ఒకదాని మీద బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో చెక్కిన శాసనం ఉంది. పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారు 1980లలో దాన్ని చదివి లోకానికి తెలియజేశారు. హైదరాబాద్ నగరం లోపల దొరికిన శాసనాల్లో అన్నిటికన్నా పాతది ఇదే. లిపిని బట్టి క్రీ.శ. నాలుగో శతాబ్దం చివర, ఐదో శతాబ్దం మొదట అంటారు.

శాసనం చూడాలంటే ఎండ నడినెత్తికి రాకముందే పోవాలి. మిట్టమధ్యాహ్నం రాయి మొత్తం ఒకటే తెలుపు, అక్షరం ఆనదు. వెలుగు ఏటవాలుగా పడ్డప్పుడు ఉలి దిగిన చోట సన్నటి నీడ నిలుస్తుంది. ఆ నీడనే మనం అక్షరంగా చదువుతాం. రాయి గరుకైంది, గ్రానైటు. పాలరాయి మీద, సున్నపురాయి మీద చెక్కినంత నునుపుగా గీత రాదు. గీత అంచులు పెచ్చులూడినట్టు ఉంటాయి. నిలువు గీతలు తిన్నగా దిగుతాయి గాని, గుండ్రంగా తిరగాల్సిన చోట చెక్కినవాడి చెయ్యి కష్టపడినట్టు తెలుస్తుంది. మన తెలుగు అక్షరాలకు తాతముత్తాతల వంటివి ఆ అక్షరాలు. పిల్లలను తీసుకుపోతే వాళ్లు వేలితో తడమబోతారు. ముట్టుకోవద్దని ఆపుతాను. చేతుల చెమటకూ జిడ్డుకూ రాయి కూడా అరుగుతుంది.

రాతి మీద రాజు ఉన్నాడు కాబట్టి యుద్ధం ఉంటుందని వాళ్లు ఎదురుచూస్తారు. యుద్ధం లేదు. అందులో ఉన్నది గోవిందరాజ విహారం. ఆ విహారంలో ధూపం వేసే భిక్షువుల కోసం, ఇంటింటా ఎత్తిన భిక్షతోనే బతికే పిండపాతికుల కోసం, ఒక రాతి గది ఏర్పాటు చేశారు. అంతే విషయం. నలుగురు తలదాచుకునే చోటు గురించి ఇంత కష్టపడి బండ మీద చెక్కించారు. విహారానికి పేరిచ్చిన గోవిందరాజును విష్ణుకుండిన వంశపు మొదటి గోవిందవర్మగా పండితులు గుర్తించారు.

ఇక్కడికి రాగానే క్లాసులో తప్పకుండా ఒక ప్రశ్న వస్తుంది. “మేడమ్, గోవిందవర్మ హిందువా, బౌద్ధుడా? ఆప్షన్ ఏది పెట్టాలి?”

పరీక్ష కోసం చదివేవాళ్లు అలా అడగడం సహజమే. జవాబు మాత్రం ఒక్క ముక్కలో తేలేది కాదు. విష్ణుకుండినుల రేకు శాసనాలు తిరగేస్తే ప్రతి రాజూ తాను ‘భగవత్ శ్రీపర్వతస్వామి’ పాదాలను ధ్యానించేవాడినని చెప్పుకుంటాడు. శ్రీపర్వతం అంటే శ్రీశైలం. ఆ స్వామి వాళ్ల ఇలవేల్పు. ఆ ఇంట్లోనే గోవిందవర్మ పట్టపురాణి పరమభట్టారికా మహాదేవి ఇంద్రపురంలో బౌద్ధులకు మహావిహారం కట్టించింది. ఆమె భర్త ఆ విహారానికి ఎర్మదల, పెన్కపర అనే రెండు ఊళ్లు రాసిచ్చాడు. ఆ సంగతి చెప్పే రాగిరేకులు మా నల్లగొండ వైపు తుమ్మలగూడెంలో దొరికాయి. వాళ్ల కొడుకు మాధవవర్మ పదకొండు అశ్వమేధాలు చేశాడు. తల్లి విహారం కట్టిస్తే కొడుకు యజ్ఞగుండం ముందు కూర్చున్నాడు. ఇద్దరూ ఒకే కంచంలో తిన్నవాళ్లు.

ఇది విష్ణుకుండినులతో మొదలైన పద్ధతి కూడా కాదు. ఎల్బీనగర్ చౌరస్తాలో నిలబడితే కుడిపక్క సాగర్ రోడ్డు విడిపోతుంది. బీఎన్ రెడ్డి నగర్, ఇబ్రహీంపట్నం దాటి అది నాగార్జునసాగర్ దాకా పోతుంది. ఆ దారి చివర, ఇప్పుడు నీళ్లు నిలిచిన లోయలో, మూడో శతాబ్దంలో ఇక్ష్వాకుల విజయపురి ఉండేది. అక్కడి తొలి రాజు వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు అశ్వమేధం చేశాడు, మహాసేనుణ్ణి కొలిచాడు. అతని చెల్లెలు చాంతిసిరి బౌద్ధుల మహాచైత్యానికి దానాలిచ్చింది. ఇంటి ఆడవాళ్ల సొమ్ము విహారానికి, రాజు పేరు యజ్ఞానికి. విష్ణుకుండినులు ఆ నడవడిని అందిపుచ్చుకున్నారు. ఇవాళ మనం ‘గొప్ప హిందూ రాజులు’ అని ఒక జాబితా వేస్తే అందులో మాధవవర్మ పేరు పైవరసలో ఉండాలి. అతని తల్లి కట్టించిన విహారాన్ని పక్కనబెట్టి ఆ జాబితా రాస్తే అది అతనికి అన్యాయం చేసినట్టే. రాజ్యం నడిచింది ఆ రెండిటి మీదా.

గోవిందవర్మ రాజ్యం ఏమంత పెద్దది కాదు. ఈ మూసీ చుట్టుపక్కల కొండలు, చెరువుల మీద బతికే ఊళ్లు, వ్యాపారులు నడిచే దారులు. దాన్ని నిజమైన రాజ్యంగా పెంచినవాడు మాధవవర్మ. రెండో మాధవవర్మ అని పుస్తకాల్లో రాస్తారు.

అతను ఎటు పెరిగాడో చూడండి. మూసీ అనంతగిరి కొండల్లో పుట్టి, నగరం మధ్యలోంచి చైతన్యపురి పక్కగా తూర్పుకు సాగి, దాదాపు 240 కిలోమీటర్లు నడిచి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. వలిగొండ, రామన్నపేట ప్రాంతాలు ఈ పరీవాహకంలోవే. కృష్ణ దగ్గరికి చేరాక దిగువకు పోతే అమరావతి, ఇంకా పోతే సముద్రం. మాధవవర్మ వంశం నడిచిన దారి అచ్చంగా ఇదే. ఎగువ మూసీ నుంచి దిగువ కృష్ణకు, కృష్ణ దాటి వేంగికి, వేంగి దాటి గోదావరి ఆవలికి. ఇప్పుడు మా ఇళ్ల ముందు నుంచి పోయే విజయవాడ హైవే కూడా ఎక్కువ తక్కువ అటే పోతుంది. పీఠభూమి మీది రాజుకు కోస్తా ఎందుకు కావాలంటే, అక్కడ డెల్టా వరి ఉంది, ఓడరేవులు ఉన్నాయి, పన్ను కట్టగల ఊళ్లు దగ్గరదగ్గరగా ఉన్నాయి. ఇక్కడ చెరువు నిండితేనే పంట. అక్కడ నది ఉంది. పిల్లలకు నేను చెప్పే మాట ఇదే: దండయాత్ర అర్థం కావాలంటే ముందు పటం మీద నీళ్లు ఎటు పారుతున్నాయో చూడండి.

మాధవవర్మ విజయాలకు దొరికిన ఆనవాళ్లు చెదురుమదురుగా ఉన్నాయి. పల్నాడులోని వేల్పూరులో అతని శిలాశాసనం ఉంది. గుంటూరు జిల్లా ఈపూరులో దొరికిన రాగిరేకుల్లో ఒకటి అమరపురం నుంచి వెలువడింది, అంటే అమరావతి. అతని బిరుదుల్లో ఒకటి, త్రివరనగరపు మేడల్లోని యువతుల హృదయాలకు ఆనందం కలిగించేవాడు అని. ఒక నగరాన్ని గెలిచానని చెప్పడానికి ఆ కాలపు కవి ఎంచుకున్న దారి అది. ఆ త్రివరనగరాన్ని కోసల దేశపు తీవరదేవుడితో కలిపి చూసినవాళ్లు ఉన్నారు, కాదన్నవాళ్లూ ఉన్నారు.

పడమటి వైపు మాత్రం అతను కత్తి కన్నా పెళ్లిని నమ్ముకున్నాడు. విదర్భలో వాకాటకులు ఆనాటి దక్కనులో పెద్ద శక్తి. అజంతా గుహల్లో చాలా భాగం వాళ్ల రోజుల్లోనే తొలిచారు. వాళ్లింటి పిల్లను మాధవవర్మ చేసుకున్నాడు. ఆమెకు పుట్టిన విక్రమేంద్రవర్మను, విష్ణుకుండి వాకాట వంశాలు రెండింటికీ అలంకారమని తర్వాతి శాసనం పొగిడింది. తండ్రి వంశంతో పాటు తల్లి వంశాన్ని కూడా పేరుపెట్టి చెప్పుకున్నారంటే ఆ వియ్యం ఎంత బరువైందో తెలుస్తుంది. వాకాటకులు కూలిపోయాక ఈ పక్కన విష్ణుకుండినులకు అడ్డు లేకుండా పోయింది.

పదకొండు అశ్వమేధాలు, వెయ్యి క్రతువులు, రాజసూయం, హిరణ్యగర్భం. శాసనాల్లో మాధవవర్మ పేరు ముందు ఈ వరస వస్తూనే ఉంటుంది. వెయ్యి అనే అంకె దగ్గర పిల్లలు నవ్వుతారు. నేను నవ్వనివ్వను. అశ్వమేధం అంటే గుర్రాన్ని ఒక ఏడాది పాటు ఇష్టం వచ్చిన చోటికి వదలాలి, వెనక సైన్యం నడవాలి. ఎవరైనా గుర్రాన్ని పట్టుకుంటే యుద్ధం, పట్టుకోకపోతే లొంగినట్టు లెక్క. తిరిగొచ్చాక యజ్ఞం చేసే రుత్విజులకు, పిలిచిన సామంతులకు, వచ్చిన జనానికి నెలల తరబడి తిండి పెట్టాలి. ఒక్కటి చేయాలన్నా ఖజానా నిండుగా ఉండాలి, చుట్టుపక్కల రాజులు నోరు మూసుకుని ఉండాలి. కొత్తగా లేచిన ఇంటికి పాత రాజవంశాల పక్కన కూర్చునే అర్హత కూడా దాంతోనే వస్తుంది. వాకాటక ప్రవరసేనుడు నాలుగు అశ్వమేధాలు చేశాడని ఆ వంశం తరతరాలు చెప్పుకుంది. వాళ్ల అల్లుడు పదకొండు చేశానని చెప్పుకున్నాడు. ఆ అంకె ఎవరి చెవిన పడాలని రాయించాడో నాకు స్పష్టంగానే కనబడుతుంది.

ఈ వంశానికి రాజధాని ఏదన్న ప్రశ్న పరీక్షల్లో వచ్చినప్పుడల్లా గొడవే. కీ విడుదలైన రాత్రి నా ఫోను మోగుతూనే ఉంటుంది. వినుకొండ అన్నవాళ్లు ఉన్నారు, ఎందుకంటే విష్ణుకుండి అన్న పేరు అక్కడిదని కీల్‌హార్న్ చెప్పాడు. అమరపురం అన్నవాళ్లు ఉన్నారు, దెందులూరు అన్నవాళ్లు ఉన్నారు. ఇంద్రపాలనగరం, అంటే తుమ్మలగూడెం దగ్గరి ఆ ఇంద్రపురమే, అని గట్టిగా నిలబడినవారు బి.ఎన్. శాస్త్రి గారు. వలిగొండలో పుట్టిన మనిషి. తుమ్మలగూడెం రేకుల సంగతి 1965లో ‘భారతి’ పత్రికలో రాసి, ఆంధ్ర దేశ చరిత్రకారులందరి చూపునూ మూసీ వైపు తిప్పారు. తర్వాత ఆయన నడిపిన మాసపత్రిక పేరు కూడా ‘మూసీ’. నల్లగొండ జిల్లాలో ఊరూరా తిరిగి శాసనాలు సేకరించారు. మాది రామన్నపేట పక్క ఊరు. నా చిన్నతనంలో ఇంద్రపాలగుట్ట అంటే గొర్లు మేపే చోటు, పాత గోడలున్న చోటు, అంతే. ఆ గోడలకు ఒక రాణి పేరు, ఆమె కట్టించిన విహారం పేరు తెచ్చిపెట్టింది ఆయన రాతలే. మా ప్రాంతం వాళ్లం ఆయనకు ఎంతో రుణపడి ఉన్నాం.

నన్నడిగితే ఆ రాజ్యానికి ఒక్కటే రాజధాని వెతకడం దండగ. రేకులు ఒక్కొక్కటి ఒక్కో చోటు నుంచి వెలువడ్డాయి. రాజు ఎక్కడ విడిది చేస్తే అక్కడే కొలువు. ఇంద్రపురం వాళ్లు పుట్టి పెరిగిన చోటు, అమరపురం గెలిచిన చోటు, దెందులూరు ఆ తర్వాత నిలదొక్కుకున్న చోటు. తూర్పుకు జరిగిన రాజ్యంతో పాటే కొలువూ జరిగింది. పరీక్షలో ఒక్క వృత్తమే నింపాలి కాబట్టి ఇంద్రపాలనగరం పెట్టమంటాను, పక్కనే ఈ సంగతి కూడా చెబుతాను.

వాళ్ల బలం ఎంతో కళ్లతో చూడాలంటే కీసరగుట్ట పోవాలి. ఉప్పల్ దాటి ఈశాన్యంగా పోతే దగ్గరే. శివరాత్రి జాతరకు పోయేవాళ్లలో చాలామందికి తెలియదు, ఆ గుట్ట మీద, చుట్టూ, విష్ణుకుండినుల కాలపు కోటగోడలు, ఇటుక గుళ్ల పునాదులు ఉన్నాయని. 1970లలో వి.వి. కృష్ణశాస్త్రి గారి ఆధ్వర్యంలో పురావస్తు శాఖ అక్కడ తవ్వకాలు జరిపింది. గుట్టంతా లింగాలు చెల్లాచెదురుగా ఉంటాయి. ఒక బండ మీద ‘తొలుచువాన్ఱు’ అని చెక్కి ఉంది. రాయి తొలిచే పనివాళ్లు తమను తాము గుర్తు పెట్టుకున్న రాత అది. తెలంగాణలో దొరికిన అతి పాత తెలుగు రాతల్లో దానికి చోటుంది. చైతన్యపురి బండ మీద అక్షరాలు తిప్పడానికి కష్టపడ్డ చెయ్యి కూడా అలాంటివాళ్లదే. రాజు ప్రాకృతంలో, సంస్కృతంలో మాట్లాడించిన రోజుల్లో ఆ పనివాళ్లు తెలుగులో మాట్లాడుకున్నారు.

తూర్పు హైదరాబాద్ మీదుగా పోయే దారుల్లో ఇంకో రాజ్యం కూడా ఉంది, అది తొమ్మిది వందల ఏళ్ల తర్వాతిది. 2016లో మా పక్కకు కొత్త పోలీస్ కమిషనరేట్ వచ్చినప్పుడు దానికి రాచకొండ అని పేరు పెట్టారు. చౌటుప్పల్, నారాయణపురం వైపు గుట్టల్లో ఉన్న రాచకొండను రేచర్ల పద్మనాయకుడు అనపోతానాయకుడు రాజధాని చేసుకున్నాడు. కాకతీయుల తర్వాత ఓరుగల్లును నిలబెట్టిన ముసునూరి కాపయనాయకుడు 1368 ప్రాంతంలో భీమవరం దగ్గర అతనితో యుద్ధంలోనే చనిపోయాడు. ఆ తర్వాత పద్మనాయకులు బహమనీలతో స్నేహంగా ఉండి, విజయనగర రాజులతోనూ కొండవీటి రెడ్లతోనూ పోరాడారు. ఆ ఇంట్లోంచే రసార్ణవసుధాకరం రాసిన సర్వజ్ఞ సింగభూపాలుడు వచ్చాడు. ఎవరు ఎవరి పక్షాన నిలిచారన్నది మతం చూసి చెప్పలేం. చెరువులు, కోటలు, దారులు ఎవరి చేతిలో ఉన్నాయో చూసి చెప్పాలి. రాచకొండ గురించి విడిగా రాయాలి, ఇక్కడ ఇంతకన్నా చోటు లేదు.

మళ్లీ విష్ణుకుండినుల దగ్గరికి వస్తాను. మాధవవర్మ మనవడు ఇంద్రభట్టారకుడు ఉత్తరానికి కళింగం అంచుల దాకా పోయాడు. విజయనగరం దగ్గరి రామతీర్థంలో దొరికిన రేకులు అతనివే. చదువుల కోసం ఘటికలు స్థాపించాడని శాసనాలు పొగుడుతాయి. అయితే అంత దూరం పాకిన రాజ్యానికి శత్రువులూ అంతే పెరుగుతారు. ఉత్తరం నుంచి కొందరు రాజులు కలిసి అతని మీద పడ్డారు. గోదావరి ప్రాంతపు పృథివీమూలుని రేకులు ఆ పోరును ఎదుటి పక్షం నుంచి చెబుతాయి. గెలిచినవాడి రాతా, ఓడినవాడి రాతా రెండూ దొరకడం మన చరిత్రలో అరుదు. పిల్లలకు రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తాను.

ఇంద్రభట్టారకుని కొడుకు రెండో విక్రమేంద్రవర్మ. నాకు ఈ వంశంలో అందరికన్నా ఇష్టమైన రాజు అతనే. తండ్రి కాలంలో చెదిరిన రాజ్యాన్ని చక్కదిద్దాల్సిన పని అతని నెత్తిన పడింది. దక్షిణం నుంచి పల్లవులు వచ్చారు. పల్లవ సింహుణ్ణి ఓడించి, శక సంవత్సరం 488లో, అంటే క్రీ.శ. 566లో, అతను ఒక దానం చేశాడు. తుమ్మలగూడెంలో దొరికిన రెండో జత రేకులు ఆ దానానివే. ఆ గెలుపు తర్వాత అతను ఇరుందొరో అనే ఊరిని ఇంద్రపురంలో పరమభట్టారికా మహాదేవి కట్టించిన విహారానికి ఇచ్చాడు. ఆమె అతనికి ముత్తాత తల్లి. అంటే నూరేళ్ల నాటి ఆ రాణి పేరు ఇంటివాళ్లు మరిచిపోలేదు. రాజ్యం కోస్తాకు జరిగిపోయినా, మూసీ వైపు ఉన్న ఆమె విహారానికి ఊరు అందింది.

ఆ రాజే దెందులూరు నుంచి ఇంకో దానం చేశాడు. చిక్కుళ్ల రేకులవి. వాటిలో ఊరు ఇచ్చింది శివుడికి, సోమగిరీశ్వరనాథుడికి. ఒకే చెయ్యి ఒక ఊరు బుద్ధుడి విహారానికి, ఒక ఊరు శివుడి గుడికి ఇచ్చింది. ఆ రేకులను గుచ్చిన ఉంగరం ముద్ర మీద పంజా ఎత్తిన సింహం ఉంటుంది. విష్ణుకుండినుల నాణేల మీదా సింహమే. క్లాసులో ఆ సింహం బొమ్మ చూపించినప్పుడు ఎవరో ఒకరు దాన్ని దించుకోవడం చూస్తుంటాను.

ఈ రాజ్యం ఎలా ముగిసిందన్నదానికి తూర్పు గోదావరిలోని పొలమూరు సాక్ష్యం చెబుతుంది. అక్కడ దొరికిన రేకుల్లో ఒక మాధవవర్మ, తూర్పు దిక్కును గెలవాలని గోదావరి దాటుతూ, చంద్రగ్రహణం వేళ పులోంబూరు అనే ఊరిని శివశర్మ అనే వేదపండితుడికి దానమిచ్చాడు. ఈ మాధవవర్మ కూడా పదకొండు అశ్వమేధాలు చెప్పుకున్నాడు. అందుకే ఇద్దరు మాధవవర్మలా, ఒక్కడేనా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. ఆ వాదంలో బలమైన ఆధారం అదే ఊళ్లో ఉంది. బాదామి చాళుక్యుడు రెండో పులకేశి వచ్చి పిఠాపురం పట్టుకున్నాడు, కొల్లేటి నీళ్ల దగ్గర పెద్ద యుద్ధం చేశాడు. 634 నాటి ఐహోళె శాసనంలో రవికీర్తి దాన్ని వర్ణించాడు. పులకేశి తన తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుణ్ణి వేంగిలో నిలిపాడు. ఆ తమ్ముడి కొడుకు జయసింహుడు గద్దెక్కాక అదే పులోంబూరును మళ్లీ దానమిచ్చాడు. ఈసారి తీసుకున్నది రుద్రశర్మ, శివశర్మ కొడుకు.

తండ్రికి విష్ణుకుండిన రాజు ఇచ్చిన ఊరిని కొడుకు చాళుక్య రాజు చేతుల మీదుగా తిరిగి రాయించుకున్నాడు. తండ్రీకొడుకుల మధ్య ఎన్నేళ్లు ఉంటాయో లెక్కవేసి, ఆ మాధవవర్మ చాళుక్యులకు కొద్దికాలం ముందువాడే అయి ఉండాలని ఒక పక్షం అంటుంది. కాలం సంగతి ఎలా ఉన్నా, రాజు మారినప్పుడు ఊళ్లో ఏం జరుగుతుందో ఇంత వివరంగా చెప్పిన సాక్ష్యం నాకింకోటి కనబడలేదు. యుద్ధం అయిపోయింది, సింహం ముద్ర పోయి వరాహం ముద్ర వచ్చింది. రుద్రశర్మ తండ్రి నాటి రేకులు పట్టుకుని కొత్త కొలువుకు పోయాడు, వాళ్లు సరేనన్నారు. గెలిచినవాడికి కూడా ఆ ఊళ్లో తనను నమ్మే మనిషి కావాలి.

ఇంద్రపురం విహారం తరఫున అలా కొత్త కొలువుకు పోయిన భిక్షువు రేకు ఏదీ తుమ్మలగూడెంలో దొరకలేదు. చాళుక్యుల చూపు వేంగి మీద, బాదామి మీద ఉంది. మూసీ ఎగువ వాళ్లకు దారి మధ్యలోది. వచ్చే బ్యాచికి ఈ పాఠాన్ని క్లాసులో చెప్పను. పొద్దున్నే చైతన్యపురి గుండ్ల దగ్గర మొదలుపెట్టి, ఎల్బీనగర్‌లో బస్సెక్కించి, వలిగొండ మీదుగా తుమ్మలగూడెం దాకా తీసుకుపోతాను. రెండు జతల రేకుల నకళ్లు చేతికిచ్చి, ఎర్మదల, పెన్కపర, ఇరుందొరో అనే మూడు ఊళ్లు ఇప్పటి పటంలో ఎక్కడ ఉండొచ్చో వాళ్లనే వెతకమంటాను.